నాలుగు కాళ్ళ నల్లి



నల్లి అనే మాట వినగానే మీకు ఏమి జ్ఞాపకం వస్తుంది? మంచం పట్టెల సందుల్లో దాక్కుని, దీపం ఆర్పగానే వచ్చి రక్తం పీల్చే నల్లి. అంతేనా? సరే, ఇదే ప్రశ్న ఒక మిరప రైతును అడగండి. "ఆకులు ముడుచుకుపోయాయి, చేనుకు నల్లి పట్టింది" అంటాడు. కొబ్బరితోట ఉన్న రైతును అడగండి. "కాయలన్నీ మచ్చలే, తోటకు నల్లి తగిలింది" అంటాడు.

అయితే మంచంలోని నల్లి దిగి, మిరపచేలోకి నడిచి, అక్కడినుంచి వెళ్ళి కొబ్బరిచెట్టు ఎక్కిందా? లేదు. ఇవి మూడూ మూడు వేరువేరు ప్రాణులు. మన భాషలో మూడింటికీ ఒకే పేరు పడింది, అంతే. మీ తరగతిలో ముగ్గురు అప్పారావులు ఉంటే ముగ్గురూ అన్నదమ్ములు అవుతారా? కారు కదా! ఇదీ అలాంటిదే.

మరి ఏది ఏ కుటుంబానికి చెందినదో ఎలా తెలుసుకోవడం? దానికి ఒక సులువైన ఉపాయం ఉంది. కాళ్ళు లెక్కపెట్టాలి.

మంచంలోని నల్లికి ఆరు కాళ్ళు. చీమకూ, ఈగకూ, సీతాకోకచిలుకకూ ఆరే. ఆరు కాళ్ళవాటిని కీటకాలు అంటారు. కనుక మంచంనల్లి కీటకం. మిరపచేలోని నల్లికి ఎనిమిది కాళ్ళు. సాలీడుకూ, తేలుకూ కూడా ఎనిమిదే. కనుక మిరపనల్లి కీటకం కాదు, సాలీడుకు దూరపు చుట్టం. తొలకరి పడగానే ఎర్రని ముఖమలు గుడ్డ ముక్కలా నేలమీద నడిచే ఆరుద్ర పురుగును మీరు చూసే ఉంటారు. దాని కాళ్ళు ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఎనిమిది! అందరూ పురుగు అంటున్నా, అది కూడా ఈ నల్లుల జాతిదే. పశువులను పట్టే పిడుదు కూడా ఈ వర్గానిదే.

ఇక మూడోది, కొబ్బరినల్లి. దానికి ఎన్ని కాళ్ళు? నాలుగు! ఆరూ కావు, ఎనిమిదీ కావు. మరి దీన్ని ఎక్కడ చేర్చాలి? ఈ నెల మనం చెప్పుకోబోయేది ఈ నాలుగు కాళ్ళ వింత ప్రాణి గురించే.

వరసలు తీర్చడం

విశాఖపట్నం పిల్లలు పూర్ణా మార్కెట్టును ఎరుగుదురు. తక్కినవారికి చెబుతున్నాను: అది పాత ఊరి దగ్గర ఉన్న పెద్ద మార్కెట్టు. అక్కడ ఆకుకూరలు ఒకచోట, దుంపలు ఒకచోట, పప్పులు ఒకచోట, పూలు ఒకచోట, కొబ్బరికాయలు ఒకచోట ఉంటాయి. అన్నీ కలిపి ఒకే గుట్ట పోస్తే కొనేవారి గతి ఏమవుతుంది? పావుకిలో కందిపప్పు కోసం పూటంతా వెతుక్కోవాలి.

ప్రాణులను కూడా శాస్త్రజ్ఞులు ఇలాగే వరసలు తీర్చారు. దీన్ని వర్గీకరణ అంటారు. ఇది మన ఇంటి చిరునామా వంటిది. రాష్ట్రం, జిల్లా, ఊరు, వీధి, ఇల్లు అని వరసగా చెప్పినట్టే, కొబ్బరినల్లికి కూడా ఒక చిరునామా ఉంది. కీళ్ళున్న కాళ్ళుగల జీవులన్నీ ఒక రాష్ట్రం. అందులో సాలీళ్ళు, తేళ్ళు, నల్లులు ఉండేది ఒక జిల్లా. ఆ జిల్లాలో నల్లుల ఊరు ఒకటి. ఆ ఊళ్ళో ఎరియోఫిడ్ నల్లులని ఒక వీధి. ఆ వీధిలోని ప్రాణులన్నిటికీ నాలుగేసి కాళ్ళే. మన కొబ్బరినల్లి ఇల్లు అక్కడే.

"ఎనిమిది కాళ్ళవారి జిల్లాలోకి నాలుగు కాళ్ళది ఎలా వచ్చింది మాస్టారూ?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. నోటి భాగాలను, శరీరపు కట్టుబాటును పరీక్షించి ఇది నల్లే అని నిర్ణయించారు. దీని పూర్వులకు వెనుక రెండు జతల కాళ్ళు ఉండేవి. తరతరాలుగా అవి లోపించి, ముందువైపు రెండు జతలే మిగిలాయి. ఇరుకు సందుల్లో దూరి బతికే ప్రాణికి పొడుగాటి సన్నని ఒళ్ళు ఉంటే చాలు. అదనపు కాళ్ళు అడ్డమే కదా!

కంటికి కనబడని కాయ దొంగ

ఈ నల్లి పొడవు మిల్లీమీటరులో సుమారు నాలుగోవంతు. వెడల్పు మిల్లీమీటరులో సుమారు ఇరవయ్యోవంతు. మీ స్కేలు మీద ఒక మిల్లీమీటరు గడి చూడండి. అందులో పొడుగునా నాలుగు నల్లులు, అడ్డంగా ఇరవై నల్లులు పడతాయి. అంటే ఒక చదరపు మిల్లీమీటరులో ఎనభై! మరి ఒక చదరపు సెంటీమీటరులో ఎన్ని? నూరుతో హెచ్చవేయండి. ఎనిమిదివేలు! మీ బొటనవేలి గోటి మీద ఒక మోస్తరు పట్టణం జనాభా అంత పడుతుందన్నమాట.

సూక్ష్మదర్శినిలో చూస్తే ఇది తెల్లగా, చిన్న ముల్లంగి ఆకారంలో కనబడుతుంది. ముందువైపు లావు, తోకవైపు సన్నం. ఒంటినిండా వానపాముకు ఉన్నట్టు ఉంగరాలు ఉంటాయి. కళ్ళు లేవు. గాలి పీల్చడానికి వేరే గొట్టాలూ లేవు. ఒంటి పలుచని చర్మంగుండానే గాలి లోపలికి పోతుంది. కాలి చివర పక్షి ఈక వంటి చిన్న అవయవం ఉంటుంది. ఆ ఈకకు ఎన్ని రెమ్మలున్నాయి, ఒంటి మీద ఎన్ని ఉంగరాలున్నాయి అని లెక్కపెట్టే ఒక జాతిని మరొక జాతినుంచి వేరు చేస్తారు. ఎంత ఓర్పు కావాలో ఆలోచించండి!

గుడ్డు పెట్టిన దగ్గరనుంచి, పిల్లదశలు రెండు దాటి, పెద్ద నల్లి కావడానికి సుమారు పది రోజులు చాలు. ఇంకొక చిత్రం చెబుతాను. మగదానితో జతపడని తల్లి పెట్టిన గుడ్లనుంచి మగపిల్లలే పుడతాయి. కనుక ఒంటరి తల్లి ఒక్కతే కొత్త కాయకు చేరినా అక్కడ ఒక సంసారం మొదలవుతుంది.

రెక్కలు లేని ఈ ప్రాణి ఒక చెట్టునుంచి మరొక చెట్టుకు ఎలా పోతుంది? గాలిమీద పోతుంది. తోక చివర ఉండే పట్టుతో కాయను అంటిపెట్టుకుని నిటారుగా నిలబడుతుంది. గాలి వీచినప్పుడు పట్టు వదిలేస్తుంది. ఎక్కడ పడితే అక్కడ దాని అదృష్టం. కొబ్బరిపిందె మీద పడితే బతుకుతుంది, లేకుంటే చస్తుంది.

ముచ్చిక కింద ఏం జరుగుతుంది?

కొబ్బరికాయ తొడిమ దగ్గర టోపీలాంటి రేకులు ఉంటాయి. దాన్ని ముచ్చిక అంటారు. వంకాయకు ఉన్నట్టే. కొబ్బరిపిందె పెరిగేది ఈ ముచ్చిక కిందినుంచే. అక్కడి చర్మం లేతగా, తెల్లగా, రసంతో నిండి ఉంటుంది. పిందెకు నెల వయస్సు వచ్చేసరికి ముచ్చికకూ కాయకూ మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. మనకు కనబడని ఆ సందు నల్లికి రాజమార్గం! లోపలికి దూరి, సూదుల వంటి నోటితో లేత చర్మాన్ని పొడిచి రసం పీలుస్తుంది.

మీ గోటి మొదట్లో దెబ్బ తగిలితే ఏమవుతుంది? కొన్నాళ్ళకు తెల్లని మచ్చ కనబడుతుంది. గోరు పెరిగేకొద్దీ ఆ మచ్చ ముందుకు జరుగుతుంది. కొబ్బరికాయకూ అంతే. ముచ్చిక కింద గాయపడిన చర్మం, కాయ పెరిగేకొద్దీ బయటికి వస్తుంది. మొదట ముచ్చిక అంచున లేతరంగు ముక్కోణపు మచ్చ కనబడుతుంది. తరువాత అది గోధుమరంగుకు తిరుగుతుంది. గాయపడిన చర్మం సాగలేదు, లోపలి కాయ మాత్రం పెరుగుతూ ఉంటుంది. అందువల్ల చర్మం నెర్రెలు విచ్చుతుంది. ఒక్కొక్కప్పుడు బంక కారుతుంది. దెబ్బ ఎక్కువైతే కాయ గిడసబారి వంకర తిరుగుతుంది, లేదా పిందెగానే రాలిపోతుంది.

మచ్చ ఎవరికి నష్టం?

విశాఖపట్నానికి అటు శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం, ఇటు గోదావరి పాయల నడుమ కోనసీమ, రెండూ పేరుపడ్డ కొబ్బరి సీమలు. పూర్ణా మార్కెట్టుకు దగ్గరలోనే బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి ఉంది. మార్గశిర మాసంలో గురువారాలు వస్తే కొబ్బరికాయలకు ఎంత గిరాకీయో చెప్పనక్కరలేదు.

పీచు తీసిన కాయమీద మచ్చ కనబడదు. పీచుతోపాటే పోతుంది. బొండాల బండి దగ్గర మాత్రం కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. అక్కడ నిలబడితే ఈ మాటలు తరచు వినవచ్చు.

"ఈ మచ్చల బొండం వద్దు బాబూ. ఏదో రోగం పట్టినట్టుంది. నున్నటిది ఇయ్యి."

"లోపల నీళ్ళు బాగానే ఉంటాయమ్మా. మచ్చ పైతొక్కకే."

"వద్దులే. అది తీసి పక్కన పెట్టు."

ఇక్కడ ఎవరి మాట నిజం? అమ్మేవాడి మాటే నిజం. నల్లి పైచర్మం దాటి నీళ్ళదాకా పోదు. ఆ నల్లి మనిషి ఒంటిమీద బతకదు, మనలను కుట్టదు. మచ్చల బొండం నీళ్ళు నిర్భయంగా తాగవచ్చు. అయితే ఆ మచ్చవల్ల నష్టం లేదా అంటే, ఉంది. అది రైతుకు. కాయ చిన్నదైపోతుంది. ఎండబెడితే కొబ్బరి తూకం తగ్గుతుంది. మచ్చపడ్డచోట పీచు బిరుసెక్కి, కాయ వొలవడానికి కూలివాడికి ఎక్కువ శ్రమ అవుతుంది. పీచు కూడా తాళ్ళకు పనికిరాకుండా పోతుంది. అసలే తగ్గిన ధర, మచ్చ చూసి మనం పక్కన పెట్టేసరికి ఇంకా తగ్గుతుంది. ఒక కొబ్బరిచెట్టును బిడ్డలా పెంచి, ఏళ్ళ తరబడి కాపు కోసం ఎదురుచూసిన కుటుంబానికి ఇది ఎంత బాధో ఊహించండి.

ఎక్కడిది ఈ ప్రాణి?

ఇది మన దేశపు పాత కాపురస్థురాలు కాదు. మెక్సికో దేశంలో గెర్రేరో అనే రాష్ట్రం ఉంది. అక్కడి కొబ్బరికాయలనుంచి తీసిన నల్లులను పరీక్షించి, అమెరికాలోని కాలిఫోర్నియా వ్యవసాయశాఖలో పనిచేసిన కీఫర్ అనే శాస్త్రజ్ఞుడు 1965లో దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. ఆ పేరు అసీరియా గెర్రెరోనిస్. ఇందులో అసీరియా అనేది ఇంటిపేరు. గెర్రెరోనిస్ అంటే గెర్రేరోకు చెందినది అని అర్థం. చూశారా? శాస్త్రజ్ఞులు కూడా మన తెలుగువాళ్ళలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత రాస్తారు! ఈ పద్ధతిని స్వీడన్ దేశీయుడైన లిన్నేయస్ 1750ల్లో స్థిరపరచాడు.

ఇందులో ఒక తమాషా ఉంది. కొబ్బరిచెట్టు పుట్టిల్లు అమెరికా కాదు. మన హిందూమహాసముద్రం, పసిఫిక్ మహాసముద్రాల తీరాలు. మనుషులే దాన్ని అమెరికా ఖండానికి తీసుకుపోయారు. అక్కడ ఏదో స్థానికపు తాటిజాతి చెట్టుమీద బతుకుతున్న నల్లి, కొత్తగా వచ్చిన కొబ్బరిని రుచి మరిగిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ తరువాత అది సముద్రాలు దాటి ఆఫ్రికాకు చేరింది. 1990ల చివర శ్రీలంకలో కనబడింది. 1998లో కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో బయటపడింది. కొద్ది ఏళ్ళలోనే తమిళనాడుకు, కర్ణాటకకు, మన ఆంధ్ర తోటలకు పాకింది. అత్తవారింట జబ్బు తగిలించుకుని పుట్టింటికి తెచ్చినట్టయింది కొబ్బరి కథ!

అదే ఇంటిపేరుగల చుట్టాలు

పూర్ణా మార్కెట్టులో కొబ్బరి వరస దాటి ముందుకు నడిస్తే, ఈ నల్లి చుట్టాలు ఇంకా కొందరు తగులుతారు.

పూల వరసలో మల్లెలు ఉన్నాయి కదా! మల్లెతోటలో అసీరియా జాస్మినై అనే నల్లి ఉంటుంది. అది పట్టిన ఆకులమీదా మొగ్గలమీదా తెల్లని బొచ్చు లేస్తుంది. ఎరియోఫిడ్ అనే పేరులోని ఎరియాన్ అనే గ్రీకుమాటకు ఉన్ని అని అర్థం. ఇలాంటి ఉన్నిని చూసే ఆ పేరు పెట్టారు. పూర్వం యూరప్ పండితులు ఆకులమీది ఈ బొచ్చును బూజు అనుకుని, బూజుల జాబితాలో దానికి ఒక పేరు కూడా ఇచ్చారు! అది బూజు కాదు, నల్లి కుట్టడంవల్ల ఆకే పెంచిన నూగు. పంతొమ్మిదో శతాబ్దం చివర వియన్నా నగరంలోని నలేపా అనే పండితుడు ఈ నల్లులను వందలకొద్దీ పరిశీలించి, వర్ణించి, వాటి వర్గీకరణకు పునాది వేశాడు.

పప్పుల వరసకు రండి. కందిచేనుకు వెర్రితెగులు అని ఒకటి వస్తుంది. మొక్క గుబురుగా పచ్చగా పెరుగుతుంది కాని, పూత పూయదు, కాయ కాయదు. ఈ తెగులును బీహారులోని పూసాలో 1931లోనే గుర్తించారు. 1960ల్లో అసీరియా కజానై అనే నల్లి దీన్ని ఒక మొక్కనుంచి మరొక మొక్కకు మోస్తున్నదని తేలింది. ఆ నల్లిని 1966లో వర్ణించి పేరు పెట్టినవారు బెంగుళూరు శాస్త్రజ్ఞులు చన్నబసవన్నగారు. నల్లి మోసే అసలు వైరస్ మాత్రం అప్పటికీ దొరకలేదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు, స్కాట్లండు శాస్త్రజ్ఞులతో కలిసి 2000 ప్రాంతంలో దాన్ని పట్టుకున్నారు. దొంగను గుర్తించినది మొదలు, దొంగ చేతిలోని మూట దొరికేదాకా ఎన్ని సంవత్సరాలు పట్టిందో లెక్క వేయండి! ఇప్పుడు ఈ తెగులును తట్టుకునే 'ఆశ' వంటి కంది రకాలు రైతుల చేతికి వచ్చాయి.

టొమాటో మీద బతికే మరొక చుట్టం ఉంది. దాని ఇంటిపేరు వేరు, వీధి ఒకటే. ప్రతి ప్రాణి కణాల్లోనూ దాని శరీర నిర్మాణానికి సంబంధించిన ఆజ్ఞలు అక్షరాల వరసలా ఉంటాయి. మనిషిలో అవి సుమారు 300 కోట్లు. ఈ టొమాటో నల్లిలో సుమారు 3 కోట్ల 25 లక్షలే అని 2020లో ప్రకటించారు. కీటకాలు, సాలీళ్ళు, రొయ్యలు, పీతలు అన్నీ చేరిన ఆ మహావర్గంలో అప్పటికి చదివినవాటిలో ఇదే అతి చిన్న పుస్తకం.

ఇలాంటి నాలుగు కాళ్ళ నల్లులను శాస్త్రజ్ఞులు ఇప్పటికి నాలుగు వేలకు పైగా గుర్తించి పేర్లు పెట్టారు. వీటి వంశం చాలా పాతది. ఇటలీ దేశపు కొండల్లో దొరికిన చెట్టుబంక బిళ్ళలలో చిక్కుకుపోయిన నల్లులను 2012లో వర్ణించారు. ఆ బంక వయస్సు సుమారు 23 కోట్ల సంవత్సరాలు! భూమిమీద పువ్వులు పూసే మొక్కలు ఇంకా వ్యాపించని కాలమది. అప్పటికే ఇవి నాలుగు కాళ్ళతో ఉన్నాయి.

వీటి చిరునామా గురించి చర్చ ఇంకా ముగియలేదు. చాలాకాలంగా వీటిని ఆరుద్ర పురుగు ఉండే పేటలోనే ఉంచారు. నేలలోతుల్లో ఇసుక రేణువుల సందుల్లో బతికే పురుగు ఆకారపు నల్లులు కొన్ని ఉన్నాయి. వాటికే ఇవి దగ్గరి చుట్టాలని ఇటీవలి పరిశోధకులు కొందరు చెబుతున్నారు. శాస్త్రంలో చిరునామాలు రాతిమీద చెక్కినవి కావు. కొత్త సాక్ష్యం దొరికితే దిద్దుకుంటారు.

పేరు తెలిస్తే ప్రయోజనం ఏమిటి?

"ఇన్ని పేర్లు, ఇన్ని వరసలు దేనికి?" అని మీలో కొందరైనా అనుకుంటూ ఉంటారు. చెబుతాను వినండి.

తోటకు "పురుగు పట్టింది" అనుకుని రైతు ఏదో ఒక పురుగుమందు చల్లాడనుకోండి. కీటకాలను చంపే మందులన్నీ నల్లులను చంపవు. పైగా ఈ నల్లి ముచ్చిక కింద గొడుగులో ఉన్నట్టు దాక్కుంటుంది. అంత ఎత్తు చెట్టుకు చల్లిన మందు దానిదాకా పోనేపోదు. ఇంకొక ప్రమాదం కూడా ఉంది. నియోసియులస్ బరాకి అని ఎనిమిది కాళ్ళ నల్లి ఒకటి ఉంది. దాని ఒళ్ళు చదునుగా ఉండడంవల్ల అది కూడా ముచ్చిక కిందికి దూరి, కొబ్బరినల్లులను పట్టి తింటుంది. కంటికి కనబడని ఈ స్నేహితుడు గుడ్డిగా చల్లిన మందుకు చచ్చిపోవచ్చు. దొంగ గొడుగు కింద బతికిపోతాడు, కాపలావాడు పోతాడు!

నల్లి సంగతి, అది దాక్కునే చోటు తెలిసిన తరువాతే ఉపాయాలు కుదిరాయి. కేరళలో కాసరగోడులో ఉన్న కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థవారు వేపనూనె, వెల్లుల్లి, సబ్బు కలిపిన ద్రావణాన్ని లేత గెలల ముచ్చికలు తడిసేటట్టు చల్లమన్నారు. వేపమందును వేరుద్వారా చెట్టుకు తాగించే పద్ధతి కూడా వచ్చింది. అప్పుడు మందు రసంలో కలిసి లోపలినుంచే పోతుంది. కోనసీమలోని అంబాజీపేటలో కూడా కొబ్బరి పరిశోధన కేంద్రం ఉంది. చెట్టుకు తగిన ఎరువు, నీరు ఇచ్చి బలంగా పెంచడం అన్నిటికన్నా ముఖ్యం. నల్లిని పూర్తిగా రూపుమాపడం ఎవరివల్లా కాలేదు. దాని దెబ్బను తగ్గించడమే చేయగలిగిన పని.

కాళ్ళు లెక్కపెట్టడంతో మొదలైన చదువు, ఒక రైతు ఇంట్లో తిండిగింజల దాకా వచ్చింది చూడండి!

ఈ నెల మీకు పని

ఈసారి పెద్దలతో పూర్ణా మార్కెట్టుకో, మీ ఊరి సంతకో వెళ్ళినప్పుడు బొండాల బండి దగ్గర ఆగండి. పది బొండాల ముచ్చికల చుట్టూ జాగ్రత్తగా చూడండి. ఎన్నింటికి గోధుమరంగు మచ్చలు, నెర్రెలు ఉన్నాయో మీ నోటుపుస్తకంలో రాసుకోండి. అడగకుండా ముచ్చిక పీకకండి, అది అమ్మేవారి సొత్తు. మచ్చ ఉన్న బొండం ఒకటి కొనిపించుకుని తాగండి. నున్నటిదానికీ దీనికీ నీళ్ళ రుచిలో తేడా ఉన్నదేమో మీరే తేల్చండి. తరువాత చీమ, సాలీడు, ఆరుద్ర పురుగు, వీటిలో ఏది కనబడితే దాని కాళ్ళు భూతద్దంతో లెక్కపెట్టండి. చంపకుండా లెక్కపెట్టాలి సుమా!

వచ్చే నెలకు ఒక ప్రశ్న: ఆరుద్ర పురుగు గుడ్డునుంచి వచ్చిన పిల్లకు ఎన్ని కాళ్ళు ఉంటాయి? అది ఎవరిమీద ఆధారపడి బతుకుతుంది? ఆలోచించి ఉంచండి. జవాబు వచ్చే సంచికలో చెప్పుకుందాం.